మా మేనత్త నాడి

నా చిన్నప్పుడు మా ఊరి పెద్దమనుషుల నోట్లో ఒక మాట ఎప్పుడూ తయారుగా ఉండేది. ధర్మాసుపత్రి. గోదావరి అవతల పట్నంలో ఉన్న సర్కారు పెద్దాసుపత్రిని వాళ్ళు ఆ పేరుతోనే పిలిచేవారు. పిలిచేటప్పుడు మూతి ఒక పక్కకి పోయేది. అక్కడికి కూలీనాలీ జనం చావడానికి వెళ్తారని, గోడలకి కూడా రోగాలుంటాయని, పరువున్నవాడు ఆ గేటు తొక్కడని అరుగు మీద కూర్చుని సెలవిచ్చేవారు. అదే పెద్దమనిషిని తోటలో పాము కరిస్తే మాత్రం మంచంతో సహా పంటెక్కించి, ఏరు దాటించి ఆ గేటు దగ్గరికే పరుగెత్తించేవారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. బతికి వచ్చాక మళ్ళీ అదే అరుగు, అదే మూతి.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ ధర్మాసుపత్రిలోనే ముప్పై ఏళ్ళకి పైగా నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ మూతులు ఇంకా ఎక్కడికీ పోలేదు. అప్పుడు అరుగుల మీద ఉండేవి, ఇప్పుడు కార్లలో తిరుగుతున్నాయి, అంతే తేడా. అద్దాల మేడలాంటి ఆసుపత్రిలో చేరి, గదిలో ఏసీ ఉందని, టీవీ ఉందని, గుమ్మంలో పిల్ల నవ్వుతూ నమస్కారం పెట్టిందని మురిసిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పైన పటారం, లోన లొటారం. పోనీ లోపల మంచి డాక్టరే ఉన్నాడనుకుందాం. అతని వేళ్ళు ఆ పని ఎక్కడ నేర్చుకున్నాయో వీళ్ళెవరైనా ఎప్పుడైనా అడిగారా? నాకు తెలుసు. తొమ్మిదో ఏట మా మేనత్త నన్ను వెంటబెట్టుకెళ్ళి చూపించింది. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. చెబితే ఆ మనుషుల మనవలు నా గుమ్మంలోకొచ్చి కూర్చుంటారు, వాళ్ళకి కాఫీ కలిపే ఓపిక నాకు లేదు.

మా మేనత్త అంటే మా నాన్నకి అక్క. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసింది. మా ఇల్లంటే ఏముంది, కామందుగారి కొబ్బరితోట చివర, కాలవ గట్టు పక్కన, తాటాకుల పాక. నాన్న ఆ తోటలోనే చెట్లెక్కి కొబ్బరికాయల దింపు తీసేవాడు. అత్త నీళ్ళలో నానిన కొబ్బరి డొక్కల్ని కొట్టి, పీచు తీసి, తాడు పేనేది. ఆమెకి చిన్నతనంలో ఏదో జ్వరం వచ్చి కీళ్ళన్నీ వాచాయట. జ్వరం పోతూ పోతూ గుండెని పాడుచేసి పోయింది. నాలుగు డొక్కలు కొడితే ఆయాసం. ఆగేది, ఊపిరి తీసుకునేది, ఎవరైనా జాలిగా చూస్తే వాళ్ళని నాలుగు తిట్టి మళ్ళీ కొట్టేది.

నేను పుట్టకముందు ఒకసారి ఆయాసం మరీ ముదిరితే నాన్న ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడొక పెద్ద డాక్టరుగారు ఆమె గుండె మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత చదువుకునే పిల్లలందర్నీ పిలిచారట. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నిమిరితే గుర్రుమంటుంది కదా, ఈ జబ్బున్నవాళ్ళ గుండె మీద చెయ్యి పెడితే అరచేతికి సరిగ్గా అలా తెలుస్తుంది. అంత స్పష్టంగా తెలిసే గుండె దొరకడం అరుదు. ఒకరి తర్వాత ఒకరు ఇరవై మంది కుర్రాళ్ళు వచ్చి చెయ్యి పెట్టి చూశారు. ఆ రోజు అత్త సిగ్గుతో చచ్చిపోయింది. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చిందని నాన్న చెప్పేవాడు. అది చూసి ఆ డాక్టరుగారు కుర్రాళ్ళందర్నీ బయటికి పంపి, మళ్ళీ లోపలికి పిలిచి, ముందు ఈవిడకి నమస్కారం పెట్టండి, ఈవిడ మీకు పంతులమ్మ, చెయ్యి వేసేముందు అడగండి, చల్లటి చేతులతో ముట్టుకోకండి అన్నారట. అప్పట్నించి అది ఆ వార్డులో కట్టుబాటు.

అప్పట్నించే అత్తకి ఏడాదికోసారి కార్డు వచ్చేది. డాక్టరు చదువు ఆఖరి పరీక్షల్లో, పుస్తకం ఒక్కటే చదివితే చాలదు. ప్రతి కుర్రాడికీ ఒక రోగిని అప్పగిస్తారు. గంటసేపు ఆ రోగి దగ్గర కూర్చుని, అడిగి, పట్టి చూసి, జబ్బేమిటో తనంతట తాను తేల్చాలి. తర్వాత పరీక్ష చేసే పెద్దలు వచ్చి అడుగుతారు. అందుకోసం మంచి స్పష్టమైన జబ్బున్నవాళ్ళని ఊళ్ళనించి పిలిపించుకుంటారు. పరీక్ష కేసులంటారు వాళ్ళని. ఊరికి ఎడంగా ఉండే మా పేటకి పోస్టుమాను వచ్చేది ఏడాదికి ఆ ఒక్కసారే. అత్తకి చదువు రాదు. కార్డు నా చేత రెండుసార్లు చదివించుకుని బైబిల్లో దాచుకునేది. "నా గుండె మీద ఎంతమంది పాసయ్యేరో తెలుసా బుల్లీ! ఆళ్ళందరూ ఇప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు," అనేది. కామందుగారి అరుగు ముందునించి వెళ్తున్నప్పుడు ఆ మాట కాస్త గట్టిగా అనేది.

నా తొమ్మిదో ఏట ఆ కార్డు వచ్చేసరికి అత్త ఒంట్లో ఏదో తేడాగా ఉంది. పాదాలు పొంగాయి. నాలుగడుగులేస్తే గోడ పట్టుకునేది. నాన్నకి చెప్పకుండా పాదాల మీదికి చీర కుచ్చిళ్ళు లాక్కునేది. నాన్నకి తెలిస్తే వెళ్ళనివ్వడని భయం. సంచీ మొయ్యడానికి పిల్ల తోడుంటే చాలని నన్ను బయల్దేరదీసింది. నాకు పంటెక్కడం, పట్నం చూడడం అంటే ఎగిరి గంతేసినంత సంబరం. ఆమె పాదాలు నేను చూశాను. చూసి కూడా నాన్నకి చెప్పలేదు. చెబితే ప్రయాణం ఆగిపోతుంది కదా. తొమ్మిదేళ్ళకే నాలో ఎంత స్వార్థముందో ఇప్పుడు తలుచుకుంటే రోతగా ఉంటుంది.

ఆ రోజు సముద్రపు పోటు తగ్గి గౌతమి పాయలో పంటు ఇసుక తిప్ప మీద కూర్చుండిపోయింది. నీళ్ళు పెరిగేదాకా కదలదన్నారు. పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాల్సినవాళ్ళం. అత్త సంచీకి చేరగిలబడి, ఆయాసం తీర్చుకుంటూ, నాకు ఆ ఆసుపత్రి కథ చెప్పింది. వార్డులో పనిచేసే ముసలి ఆయా ఆమెకి చెప్పిందట. మొట్టమొదట అదొక పెంకుటిల్లు, నాలుగు మంచాలు. ఒక దొరసాని డాక్టరు, ఇద్దరు నౌకర్లు. కలరా వచ్చినప్పుడు మంచాలు చాలక చాపలు, చాపలు చాలక అరటాకులు. తర్వాత ఎవరో ధర్మాత్ములు నేల ఇచ్చారు, మరెవరో గదులు కట్టించారు. లంకల్లోంచి, సముద్రపు ఒడ్డు నించి, మన్యంలోంచి జనం మూటలతో వచ్చి చెట్ల కింద వండుకుని తినేవారు. ఇంతమంది రోగులుంటే ఇక్కడే చదువు చెప్పొచ్చని ఆ తర్వాత కాలేజీ పెట్టారు.

ఆ కథంతా చెప్పి, అత్త ఒక మాట అంది. "కాలేజీ పెట్టినప్పుడు గోడలు ఆళ్ళు కట్టేరు, పుస్తకాలు ఆళ్ళు తెచ్చేరు. మరి పలకలు? పలకలు మనవేనే. మన ఒళ్ళే ఆళ్ళ పలకలు. ఈ కామందులు ధర్మాసుపత్రి, ధర్మాసుపత్రి అంటారు గానీ, ధర్మం చేసింది ఎవరంటావు?"

నాకప్పుడు అర్థం కాలేదు. తిప్ప మీద వాలిన కొంగల్ని లెక్కపెడుతున్నాను.

ఆసుపత్రికి చేరేసరికి పరీక్ష మొదలైపోయింది. మామూలుగా అయితే పరీక్షకి ముందే ఆ కేసుల్ని ఒకసారి చూసి పెట్టుకునేవారట. ఆ రోజు అంత వ్యవధి లేదు. ఆ పెద్ద డాక్టరుగారే వరండాలో ఎదురై, "వచ్చేరా అమ్మా, మీ కోసమే చూస్తున్నాం," అన్నారు. అత్త ఆయాసాన్ని బిగపట్టి, "ఆయ్, వచ్చేనండి, పంటు ఆగిపోయిందండి," అని నవ్వింది. ఆయన అప్పటికే నడిచి వెళ్ళిపోతున్నారు. అత్తని నేరుగా మంచం మీద పడుకోబెట్టారు. నేను మంచం కాళ్ళ దగ్గర సంచీ పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

అత్తకో అలవాటుంది. జబ్బేమిటో చెప్పమ్మా అని కుర్రాళ్ళు గుసగుసగా బతిమాలేవారు. ఆమె చెప్పేది కాదు. కానీ నమస్కారం పెట్టి, చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, నిదానంగా చూసేవాడైతే మాత్రం తనంతట తానే ఎడం పక్కకి ఒత్తిగిల్లేది. అలా పడుకుంటే గుండె చప్పుడు బాగా వినిపిస్తుంది. తెలివైనవాడు ఆ సాయం గుర్తుపట్టేవాడు. తెలివితక్కువవాడు కూడా వినేవాడు. అది అబద్ధం కాదు, పంతులమ్మ చేసే సాయం అనేది అత్త.

మా మంచం దగ్గరికి వచ్చినవాడు కామందుగారి కొడుకు.

చినబాబుగారు పట్నంలో డాక్టరు చదువుతున్నారని మాకు తెలుసు. ఊరంతా తెలుసు. ఇంకా పాసవ్వకుండానే వాళ్ళ నాన్న అరుగు మీద కూర్చుని మావాడు లండను వెళ్తాడని చెప్పుకునేవాడు. మనిషి ఎర్రగా, నున్నగా, ఇస్త్రీ చేసిన తెల్లకోటుతో ఉన్నాడు. అత్తని చూడగానే మొహం ముడుచుకుపోయింది.

"ఏమే, నువ్వా?" అన్నాడు. అంతే నమస్కారం.

చుట్టూ చూసి, కుర్చీ కొంచెం వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ప్రతి ఏడూ వచ్చే పరీక్ష కేసుల వివరాలు పై క్లాసుల కుర్రాళ్ళు రాసి కిందివాళ్ళకి అందించుకునేవారని నేను నర్సునయ్యాక తెలిసింది. తాడు పేనే ఆవిడ, గుండె జబ్బు, నాడి ఇంత, చప్పుడు ఇలా అని అంతా అందులో ఉంటుంది. చినబాబు ఆ కాగితం ముందేసుకుని చక్కగా కాపీ చెయ్యడం మొదలెట్టాడు. మణికట్టు పట్టుకోలేదు. గుండె మీద చెయ్యి పెట్టలేదు. గొట్టం చెవిలో పెట్టుకున్నాడు గానీ ఆ రెండో కొస కోటు మీదే వేలాడింది. మా పేట మనిషిని ముట్టుకుంటే ఏమవుతుందో వాళ్ళింట్లో అతనికి బాగా నేర్పారు మరి. పాము కరిచిన వాళ్ళ తాతగారి కాలు పిండి విషం తీసింది మా పేట మనిషేనన్న సంగతి ఎవరూ నేర్పలేదు కాబోలు.

అత్త చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా ఎడం పక్కకి ఒత్తిగిల్లింది. అవును, ఆ మనిషికి కూడా. నాకు ఆమె మీద ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

"కదలకు. తిన్నగా పడుకో," అన్నాడు చినబాబు, తల ఎత్తకుండా.

"చెయ్యి చూడండి బాబుగారూ. ఈ నెల్లాళ్ళనించీ ఒంట్లో బాగోలేదండి," అంది అత్త. అతను పెన్ను మూత పెట్టి, ముందుకి వంగి, గొంతు తగ్గించి చెప్పిన మాట నాకు స్పష్టంగా వినిపించింది. "వాళ్ళు అడిగితే అన్నీ చూశాడని చెప్పు. మీ తమ్ముడు మా తోటలోనే కదా ఉండేది? గుర్తుంచుకో."

గంట కొట్టారు. పరీక్ష చేసే పెద్దలు ఇద్దరు వచ్చారు. ఒకరు మన పెద్ద డాక్టరుగారు. ఇంకొకరు ఎక్కడో పై రాష్ట్రం నించి వచ్చినాయన, తెలుగు రాదు. చినబాబు నిటారుగా నిలబడి ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. నాకు ముక్క అర్థం కాలేదు గానీ, బడిలో ఎక్కం అప్పజెప్పే గొంతు నేను గుర్తుపట్టగలను. అతను చెప్తూ ఉండగానే ఆ పై రాష్ట్రం ఆయన వంగి, అత్తకి నమస్కారం పెట్టి, ఆమె మణికట్టు అందుకున్నాడు. అందుకున్నవాడు వదల్లేదు. వాచీ చూశాడు. మళ్ళీ చూశాడు. చీర అంచు కాస్త జరిపి పాదం మీద బొటనవేలితో నొక్కాడు, గుంట పడింది. మన డాక్టరుగారి వైపు చూశాడు. ఆయనా వచ్చి రెండో మణికట్టు పట్టుకున్నారు. ఆయన మొహంలో నవ్వు పోయింది.

నాడి ఎంత అని అడిగారు. చినబాబు తడుముకోకుండా చెప్పాడు. డెబ్బై రెండు, సమంగా ఉంది.

పెద్ద డాక్టరుగారు అత్త వైపు తిరిగి, "అమ్మా, ఈ అబ్బాయి మీ చెయ్యి పట్టుకుని చూశాడా?" అన్నారు.

నాకు కళ్ళ ముందు మా పాక కనిపించింది. కామందు ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. తాటాకు ఇమ్మంటేనే నెల్లాళ్ళు తిప్పేవాడు. కోపమొస్తే ఒక్క పూటలో మమ్మల్ని గట్టు మీదకి తోసేస్తాడు. అవునని చెప్పెయ్ అత్తా, చూశాడని చెప్పెయ్, నీకేం పోయింది అని నేను సంచీ గుండెలకి హత్తుకుని ప్రార్థన చేశాను. నిజంగా, యేసు ప్రభువుని పిలిచి అబద్ధం చెప్పించమని అడిగాను.

అత్త అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాస్త లేచి, దిండుకి ఆనుకుని, ఊపిరి కూడదీసుకుని, చెయ్యి చాపింది.

"నన్నడుగుతారేంటండీ? చెయ్యి ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు కదండీ. ఇప్పుడు పట్టుకోమనండి. ఆయన చెప్పిన లెక్కొస్తే చూసినట్టేనండి."

చినబాబు అటూ ఇటూ చూశాడు. ఇద్దరు పెద్దలు, రెండు పక్కలా కుర్రాళ్ళు, గుమ్మంలో నర్సు. తప్పదు. జెర్రిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. లెక్క మొదలెట్టాడు, పెదాలు కదిలాయి, ఆగాయి. మళ్ళీ మొదట్నించి. మళ్ళీ ఆగాయి. అత్త నాడి అప్పటికి లెక్కకి అందే స్థితిలో లేదు. రెండు కొట్టుకుని ఒకటి మానేసి, గబగబా నాలుగు కొట్టి, మళ్ళీ ఊరుకుంటోంది. గుండె అదుపు తప్పిందని, ఇంకొన్నాళ్ళు అలాగే వదిలేస్తే నెత్తురు గడ్డకట్టి మనిషిని ఎత్తుకుపోతుందని తర్వాత నేను చదువుకున్నాను. కాగితంలో ఉన్నది కిందటి ఏడాది అత్త. మంచం మీద ఉన్నది ఈ ఏడాది అత్త. ముట్టుకోనివాడికి ఆ తేడా తలకిందులుగా తపస్సు చేసినా తెలీదు.

"ఎంత వచ్చింది?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

చినబాబు నున్నటి మొహం మీద చెమట పోసింది. లండను వెళ్ళాల్సిన మొహం. పెద్ద డాక్టరుగారు తిట్టలేదు, కేకలెయ్యలేదు. ఆర్నెల్లు ఆగి రండి, ముందు మనిషిని చూడ్డం నేర్చుకోండి అన్నారు, అంతే. వెళ్ళేటప్పుడు ఆ ఘనుడు ఏం చేశాడో తెలుసా? మూలనున్న కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఫెయిలైనందుకు ఏడవలేదు, మనిషి ప్రాణం మీదకి తెచ్చినందుకు సిగ్గుపడలేదు, చేతులు కడుక్కున్నాడు. ఛీ! అన్నేళ్ళు ఆసుపత్రిలో ఉండి చీము చూశాను, నెత్తురు చూశాను, ఏదీ నాకంత రోత పుట్టించలేదు.

తర్వాత పెద్ద డాక్టరుగారు అత్త మంచం అంచున కూర్చుని, "ఇవాళ మీరు పరీక్షకి రాలేదమ్మా, వైద్యానికి వచ్చేరు. ఇందాక వరండాలో నేనూ మీ మొహం చూసి వెళ్ళిపోయాను. చెయ్యి పట్టుకోవాల్సింది. తప్పు నాది కూడా," అన్నారు. అంత పెద్దాయన, మా పేట మనిషి దగ్గర, అందరూ వింటూ ఉండగా. అప్పటికప్పుడు ఆమెని వార్డులో చేర్చారు. కాగితంలో రాసినదే నిజమని నమ్మి ఉంటే ఆ పూట భోజనం పెట్టి మమ్మల్ని పంటెక్కించేవారు. అత్త ఇల్లు చేరేది కాదు.

నాన్న మూడోరోజు వచ్చాడు. మొహం నల్లగా మాడిపోయి ఉంది. కబురు మాకంటే ముందే ఊరు చేరింది. తోటలోకి రావద్దన్నారట. పాక ఖాళీ చెయ్యడానికి వారం గడువిచ్చారట. చెట్టెక్కి దిగే మనిషి, గట్టిగా మాట్లాడడం కూడా తెలియనివాడు, ఆ రోజు వార్డులో అక్క మంచం పక్కన నిలబడి, "ఒక్క మాట. చూసేరండీ అంటే నీ సొమ్మేం పోయిందే అక్కా? పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికెళ్ళను?" అని గొంతు పగిలేలా అడిగాడు. నాకు నాన్న మాటే సబబనిపించింది. అత్త పంతానికి మేం వీధిన పడ్డాం అనుకున్నాను.

అత్త నన్ను దగ్గరికి రమ్మని, నా చెయ్యి తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టింది.

"నేను చూసేరండీ అంటే ఆడు డాక్టరయిపోతాడురా. రేపు ఈ పిల్లకి జొరమొస్తే నువ్వు ఎవరి దగ్గరికి తీసుకెళ్తావు? ఆడి దగ్గరికే. ఆడు దీని చెయ్యి పట్టుకోడు. పట్టుకోకుండానే ఏదో అంకె రాసేస్తాడు. నువ్వు నమ్మి ఇంటికి తీసుకొచ్చేస్తావు. పాకదేవుందిరా, నాలుగు తాటాకులు."

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. వారంలోపే సామాను పడవలో వేసుకుని రెండూళ్ళ అవతల లాకుల దగ్గర పోరంబోకులో మరో పాక వేశాడు. ఆ ఏడు మేం తిన్న తిండి తలుచుకుంటే నవ్వొస్తుంది. అందులో కష్టం లేదని చెప్పను. వానాకాలమంతా నేల తడి ఆరలేదు, నా తమ్ముడు దగ్గుతూనే ఉన్నాడు. అత్త మాత్రం ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. అందులో ఏడేళ్ళు కార్డు వస్తూనే ఉంది.

చినబాబు ఆర్నెల్లకి పాసయ్యాడు. ఎలా పాసయ్యాడో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పెద్ద మేడ కట్టి నర్సింగుహోము పెట్టాడు. ధర్మాసుపత్రి అని మూతి తిప్పినవాళ్ళంతా అక్కడికే వెళ్ళారు. వాళ్ళకి తగ్గ డాక్టరు వాళ్ళకి దొరికాడు.

నేను నర్సు చదువుకి వెళ్ళినప్పుడు అత్త లేదు. నా కింద పనిచేసిన అమ్మాయిలు నన్ను రాక్షసి అనేవారు. రోగి చెయ్యి పట్టుకోకుండా చార్టులో అంకె వేసిన పిల్లని అందరి ముందూ నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ అమ్మాయిల్ని నా కంటే నీచంగా చూశాను, ఆ సంగతి ఒప్పుకుంటాను. అదంతా నా గొప్ప అనుకునేదాన్ని.

ఒక వర్షాకాలం వార్డు నిండిపోయి, మంచాల మధ్య కూడా మనుషులు పడుకున్న రోజు, పెద్దలు రౌండ్సుకి వచ్చే వేళయిపోతోంది. చార్టులింకా మిగిలి ఉన్నాయి. ఓడలరేవు వైపు నించి వచ్చిన ఒక ముసలి జాలరి నా చేతిలో చార్టు చూసి, దుప్పట్లోంచి చెయ్యి తీసి నా వైపు చాపాడు. నేను ఆ చెయ్యి చూశాను. చూస్తూనే, పొద్దుటి అంకెని బట్టి మరో అంకె వేసేసి పక్క మంచానికి వెళ్ళిపోయాను. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగాను. ఆయన చాపిన చెయ్యిని మెల్లగా దుప్పట్లోకి తీసుకుంటున్నాడు, తనే ఏదో తప్పు చేసినట్టు.

పరుగున వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని లెక్కపెట్టాను. నేను వేసిన అంకే వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరికీ తెలియలేదు. కామందు కొడుకు మీద నాకున్న అసహ్యం అప్పటికి పాతికేళ్ళ నాటిది. ఆ రోజు నించి అందులో నాకూ వాటా ఉంది.